పన్నెండు కొట్టేలోపు

మొన్న బావ పెద్దకర్మకి కొత్తగూడెం పోయినప్పుడు తెల్లారగట్ల నిద్ర పట్టక లేచొచ్చి బస్టాండ్ దగ్గర టీకి నిలబడ్డాను. ఆ టీకొట్టాయన ఇంకా బొగ్గు పొయ్యే వాడుతున్నాడు, గ్యాస్ మీద కాస్తే టీలా ఉండదంటాడు. అప్పుడే రాజేసినట్టున్నాడు, పొగ తెల్లగా నేలబారున పాకుతూ వచ్చి ముక్కులో దూరింది. పక్కనున్నాయన దగ్గుకుంటూ అవతలకి జరిగాడు. నేను జరగలేదు సరికదా ఇంకో రెండడుగులు దగ్గరికి పోయి మరీ పీల్చాను, ఎవరన్నా చూస్తే పిచ్చోడనుకునేవాళ్ళు. నలభై ఏళ్ళ కింద నేనూ బావా నెలకోసారి కలుసుకున్నప్పుడు మా ఇద్దరి కోట్లూ ఇదే వాసన వేసేవి. ఇక్కడ కాదు, బెర్లిన్‌లో.

మరీ ఇదే కాదులెండి. సింగరేణి బొగ్గు వేరు. అక్కడిది లిగ్నైట్, గోధుమరంగు బొగ్గు, పొగలో గంధకం కలిసి కొంచెం పులిసిన వాసనొస్తుంది. బొగ్గు ఊళ్ళో పుట్టిన ముక్కుకి ఆ తేడా తెలుస్తుంది. కానీ చలిలో, పొద్దున్నే, ఖాళీ కడుపు మీద అన్ని బొగ్గులూ చుట్టాలే.

బావంటే మా మేనమామ కొడుకు, నాకంటే మూడేళ్ళు పెద్ద. మా నాయనా మామా ఒకటే బొగ్గు బాయిలో పని. మా నాయన బొగ్గెత్తే తట్టా చెమ్మస్ పట్టిన మనిషి, మా ఇంట్లో గోడ గడియారం లేదు, బాయి సైరనే మాకు గడియారం, మొదటి సైరన్‌కి అమ్మ పొయ్యి అంటించేది. మామ ఎర్రజెండా యూనియన్‌లో తిరిగేవాడు కాబట్టి ఆ దారిన బావకి కమ్యూనిస్టుల తూర్పు జర్మనీ స్కాలర్‌షిప్ దొరికింది. లైప్‌జిగ్‌లో ఏడాది భాష నేర్పి ఫ్రైబెర్గ్ పంపారు, అక్కడ 1765లో పెట్టిన మైనింగ్ కాలేజీ ఉంది. రెండేళ్ళ తర్వాత నేను కూడా అదే చదువుకి, కాకపోతే పశ్చిమ బెర్లిన్ టెక్నికల్ యూనివర్సిటీకి, టికెట్‌కి అప్పు చేసి పోయాను. ఫీజు లేదు కాబట్టి పోగలిగా, లేకపోతే మాకెక్కడిది.

ఇంట్లో వాళ్ళకి రెండూ ఒకటే జర్మనీ. అమ్మ ఉత్తరం రాయించింది, బావ అక్కడే ఉన్నాడు గదా ఇద్దరూ ఒక్కచోట వండుకు తినండి, ఖర్చు కలిసొస్తుంది అని. నేను ఏరోగ్రామ్ మీద బొమ్మ గీసి పంపా. ఇదిగో ఇది బావ వాళ్ళ దేశం, దాని మధ్యలో చెరువులో దిబ్బలాగా ఇది మా సగం ఊరు, చుట్టూ 155 కిలోమీటర్ల గోడ, అందులో 43 కిలోమీటర్లు ఊరి నట్టనడుమ నుంచే పోతుంది, 1961 ఆగస్టు 13 పొద్దున జనం లేచేసరికి తూర్పు సర్కారు దారులన్నీ మూసేసి ముళ్ళతీగ వేసింది, గోడ ఆ తర్వాత కట్టారు. దానికి అమ్మ జవాబు: "మామ ఇంటెనక చింతకాయల కోసం గోడలు దూకిన గాడిదలే గదా మీరిద్దరూ." ఆ గోడ దూకబోయినవాళ్ళకి ఏమయ్యేదో అమ్మకి నేను రాయలేదు. తర్వాత లెక్కలు కట్టినవాళ్ళు కనీసం 140 మంది ప్రాణాలు పోయాయని తేల్చారు.

నా రూమ్ వెడ్డింగ్‌లో ఉండేది. పేరు అట్లా ఉంది గానీ పెళ్ళికీ దానికీ సంబంధం లేదు, పాత ఫ్యాక్టరీ కూలీల పేట. పాత బిల్డింగ్, గది మూలన పింగాణి పలకలు అతికించిన నిలువెత్తు పొయ్యి, కింద సెల్లార్ నించి బకెట్లో బొగ్గు ఇటుకలు మోసుకొచ్చి అందులో వేసుకోవాలి. కొడుకు బొగ్గు మొయ్యకూడదని మా నాయన నన్ను సముద్రాలు దాటించి పంపితే నేను నాలుగో అంతస్తుకి బొగ్గు మోస్తున్నా. ఇంకో తమాషా, ఆ బొగ్గు కూడా గోడవతల నించే వచ్చేది. మనుషులు దాటడానికి ఇన్ని తంటాలు, బొగ్గు మాత్రం దర్జాగా వచ్చేది.

మొదటిసారి బావని కలవడానికి యూ-సిక్స్ అనే భూగర్భ రైలు లైన్ ఎక్కా. రైనికెన్‌డోర్ఫర్ ష్ట్రాసే స్టేషన్ దగ్గర స్పీకర్లో ఒక గొంతు, "పశ్చిమ బెర్లిన్‌లో ఆఖరి స్టేషన్" అని. దిగేవాళ్ళు దిగిపోయారు. తలుపులు మూసుకున్నాక రైలు స్పీడ్ తగ్గించి మెల్లగా పాకడం మొదలెట్టింది, కిటికీలోంచి చూస్తే ఒక ప్లాట్‌ఫారం, మసక బల్బు, గోడల మీద దుమ్ము, ఒక్క మనిషి లేడు. లేడనుకున్నా, స్తంభం వెనక యూనిఫాంలో ఒకడు కదిలాడు. అట్లాంటివి వరసగా మూడు. దయ్యాల స్టేషన్లు అనేవాళ్ళు. పశ్చిమం వాళ్ళ రైలు తూర్పు ఊరి కింద నించి పోతుంది, ఆ సొరంగానికి అద్దె కట్టి మరీ పోతుంది, కానీ ఆగదు. నాకైతే బాయిలో పాత గ్యాలరీలు గుర్తొచ్చాయి, బొగ్గు తీసేసి వదిలేసినవి, చిన్నప్పుడు నాయన చెప్పేవాడు అటు తల తిప్పి చూడకూడదని. నాలుగో స్టేషన్ ఫ్రెడ్రిక్ ష్ట్రాసే. అక్కడ ఆగుతుంది. తూర్పులోనే ఉంది కానీ దిగొచ్చు, ప్లాట్‌ఫారం మీద డ్యూటీ లేని సిగరెట్లు, మందు అమ్మే షాపు కూడా, చాలామంది దానికోసమే దిగి అటు పోకుండానే తిరుగు రైలెక్కేవాళ్ళు.

అసలు ఆ ఊళ్ళో గేట్లు మన తిరుపతి క్యూలైన్లలాంటివి, మనిషిని బట్టి లైను. చెక్‌పాయింట్ చార్లీ మాలాంటి పరదేశీలకి, మిలిటరీ వాళ్ళకి. హైన్‌రిష్ హైనే ష్ట్రాసే పశ్చిమ జర్మనీ వాళ్ళకి. ఓబర్‌బౌమ్ వంతెన పశ్చిమ బెర్లిన్ వాళ్ళకి, అదీ నడిచి మాత్రమే. ఫ్రెడ్రిక్ ష్ట్రాసే స్టేషన్‌లో అందరికీ ఉంది గానీ లోపల మళ్ళీ నాలుగు బోర్డులు, నాది "ఇతర దేశాల పౌరులు". ఒకరే పట్టే ఇరుకు సందు, వెనక తలుపు మూసుకుంటుంది, ముందు తలుపు తెరుచుకోలేదు ఇంకా, తల వెనక ఏటవాలుగా అద్దం, నీ వీపు కూడా వాడికి కనపడాలి. గాజు వెనక కుర్రాడు పాస్‌పోర్ట్ చూస్తాడు, నన్ను చూస్తాడు, మళ్ళీ పాస్‌పోర్ట్. కుడి చెవి చూపించమనేవాడు. అప్పట్లో మన హీరోలందరికీ చెవులు మూసేసే క్రాఫ్ కదా, నాదీ అదే, జుట్టు పైకెత్తి చెవి చూపిస్తే దాన్ని ఫోటోలో చెవితో పోల్చుకునేవాడు. తర్వాత ర్ర్ర్ర్ మని బజర్, తలుపు వదులవుతుంది, ఒక్క తోపు తోస్తే అవతల. ఆ బజర్ మోత ఇప్పటికీ ఏ అపార్ట్‌మెంట్ గేటు దగ్గరన్నా వినపడితే నా చెయ్యి జుట్టు మీదికి పోతుంది, జుట్టు లేకపోయినా.

వీసాకి 5 మార్కులు, మార్కంటే అక్కడి రూపాయి అనుకోండి. అది కాక 25 పశ్చిమం మార్కులు కంపల్సరీగా తూర్పు మార్కుల్లోకి మార్చుకోవాలి, ఒకటికి ఒకటి, 1980 అక్టోబర్ నించి ఆ రేటు. రాత్రి పన్నెండు లోపు వెనక్కి వచ్చెయ్యాలి. మార్చిన డబ్బు వెనక్కి తీసుకుపోకూడదు. అంటే నెలకి 30 మార్కులు బావ మొహం చూడ్డానికి. నేను శని ఆదివారాలు ఒక హోటల్ వంటింట్లో గిన్నెలు కడిగేవాణ్ణి, ఎన్ని గిన్నెలైతే ఒక బావ అని లెక్కేసుకునేవాణ్ణి.

బావ పొద్దున్నే ఫ్రైబెర్గ్‌లో రైలెక్కి డ్రెస్‌డెన్ మీదుగా వచ్చేవాడు. అలెగ్జాండర్ ప్లాట్స్‌లో పెద్ద ప్రపంచ గడియారం ఉంటుంది, తూర్పు బెర్లిన్‌లో ఎవరు ఎవర్ని కలవాలన్నా దాని కిందే. పొగలోంచి వచ్చి భుజం మీద ఒక్కటి చరిచి "ఏం బామ్మర్దీ, క్యాపిటలిజం ఎట్లుంది?" అనేవాడు. "అన్నం పెడ్తలేదు బావా" అనేవాణ్ణి. నెల నెలా అదే జోకు, నెల నెలా నవ్వేవాళ్ళం.

ఆ 25 మార్కులు ఖర్చు పెట్టడం ఒక పెద్ద పని, నమ్మండి. రెస్టారెంట్‌కి పోతే టేబుళ్ళు ఖాళీగా కనపడుతున్నా గుమ్మం దగ్గరే నిలబడాలి, వాళ్ళొచ్చి కూర్చోబెట్టాలి, ఒక్కోసారి గంట. బన్ను 5 ఫెన్నింగులు, మన పైసల్లాగా మార్కుకి వంద. సిటీ రైలు టికెట్ 20 ఫెన్నింగులు. ఇద్దరం రోజంతా తిరిగి తిని తాగినా డబ్బు అయ్యేది కాదు. అప్పుడు పుస్తకాల షాపు. సోవియట్ ఇంజనీరింగ్ పుస్తకాలు, మన విశాలాంధ్ర షాపులో దొరికేలాంటి వాసనే, అదే జిగురు, అదే మందపాటి కాగితం, మేమిద్దరం అట్ట తెరిచి ముందు ముక్కు పెట్టేవాళ్ళం. చిల్లరంతా అల్యూమినియం, మన పాత పది పైసల బిళ్ళంత తేలిక, జేబులో ఉన్నాయో లేవో తెలిసేది కాదు. ఒక్క 20 ఫెన్నింగుల బిళ్ళ మాత్రం ఇత్తడిది, ఫోన్ బూత్‌లో పడాలి కదా. పన్నెండవుతుంటే మిగిలిన చిల్లరంతా గుమ్మం ముందు బావ దోసిట్లో పోసేవాణ్ణి. "బన్నులు కొనుక్కో బావా" అని.

మా ఓనరమ్మ కథ చెప్పకపోతే ఇది పూర్తి కాదు. డెబ్బై దాటిన మనిషి, ఒక్కతే ఉండేది, అద్దె ఒక్కరోజు లేటయినా మెట్ల మీద నిలదీసేది. కానీ నేను బావ దగ్గరికి పోయొచ్చిన మర్నాడు మాత్రం కాఫీకి పిలిచేది. వాళ్ళ చెల్లెలు అటు చిక్కుకుపోయింది. గోడ కట్టాక 28 నెలలు పశ్చిమ బెర్లిన్ వాళ్ళని అసలు అటు పోనివ్వలేదు. 1963 క్రిస్మస్‌కి మొదటిసారి పాసులిచ్చారు, చుట్టాలున్నవాళ్ళకి మాత్రమే, 18 రోజుల పాటు, ఒక్క రోజుకి. ఆ పాసు కోసం మంచులో నిలబడిన క్యూ గురించి ఆమె చెప్పేటప్పుడు కుర్చీలోంచి లేచి నిలబడి చెప్పేది, ముందెవరున్నారు వెనకెవరున్నారు, ఎవరు థర్మాస్ తెచ్చారు, అన్నీ గుర్తే. ఆ 18 రోజుల్లో 12 లక్షల సార్లు జనం అటు పోయొచ్చారట. పెద్ద మార్పు 1972లో వచ్చింది, బెర్లిన్ మీద పెత్తనమున్న అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, సోవియట్ నాలుగూ కుదుర్చుకున్న ఒప్పందం అమల్లోకొచ్చి పోవడం తేలికైంది. అటువాళ్ళు ఇటు రావడం మాత్రం 1964 నించీ పెన్షనర్లకే, ఆడవాళ్ళకి 60, మగవాళ్ళకి 65. పనిచేసే వయసు దాటితే పోయినా పర్లేదని లెక్క. "మా చెల్లి అరవైలో పడేదెప్పుడా అని ఎదురుచూశా" అనేది. ముసలితనం కోసం ఎదురుచూసిన చోటు నేను అదొక్కటే చూశా.

ఒకసారి మా అత్త బావకని జంతికలూ, ఒక మఫ్లర్ల జతా నా పార్సెల్‌లో కలిపి పంపింది. జంతికల డబ్బాలో అడుగున నూనె పీల్చడానికని ఒక తెలుగు వారపత్రిక కాగితం వేసింది. అటు అచ్చు కాగితాలేవీ తీసుకుపోకూడదని నాకు తెలుసు, డబ్బా అడుగున ఉందని తెలియదు. కస్టమ్స్ బల్ల మీద డబ్బా బోర్లించాడు. జంతికల జోలికి పోలేదు, నూనె కాగితం రెండు వేళ్ళతో పైకెత్తి లైటుకి పెట్టాడు. గుండ్రటి అక్షరాలు. ఇంకొకణ్ణి పిలిచాడు. వాడు పెద్దాయన్ని పిలిచాడు. ముగ్గురూ తల వంచి, తలకిందులుగా పట్టుకుని, చాలాసేపు. ఒక పక్క పళ్ళపొడి ప్రకటన, ఇంకో పక్క సీరియల్ మూడో భాగం. ఏం రాసుంది అన్నాడు పెద్దాయన. చదివి జర్మన్‌లో చెప్పమన్నాడు. కోడలు అత్తగారి మీద అలిగి పుట్టింటికి పోయింది అని చెప్పా. ముగ్గురూ మొహాలు చూసుకున్నారు. "తర్వాత?" అన్నాడు. తర్వాతది వచ్చే వారం అన్నా. కాగితం తీసుకుని జంతికలు వదిలేశారు. బావకి చెప్తే గడియారం కింద కూలబడి నవ్వాడు, "మా అమ్మ వల్ల సోషలిజానికి ముప్పొచ్చిందిరా" అని.

ఆ మఫ్లర్ గురించే ఇంకోటుంది. 1985 ప్రాంతంలో ఫ్రెడ్రిక్ ష్ట్రాసే ప్లాట్‌ఫారం మీద మన రంగు మనుషులు కనపడ్డం మొదలైంది. శ్రీలంక తమిళులు. అక్కడ కాల్పులు, ఇళ్ళు తగలబెట్టడాలు. విమానంలో తూర్పు వైపు షోనెఫెల్డ్ ఎయిర్‌పోర్టులో దిగితే వాళ్ళు ట్రాన్సిట్ వీసా ఇచ్చి రైలెక్కించేసేవాళ్ళు. ఇటు పశ్చిమం వాళ్ళు ఇది అసలు దేశాల మధ్య సరిహద్దే కాదని పట్టుబట్టేవాళ్ళు కాబట్టి ఇటువైపు పాస్‌పోర్ట్ అడిగే నాథుడే లేడు. ఆ సందులోంచి వాళ్ళు వచ్చారు, 86లో దాన్నీ మూసేశారు. ఒక రాత్రి నేను వెనక్కొస్తుంటే ఒక పిల్లాడు, పద్దెనిమిది ఉంటాయేమో, జనవరిలో కాళ్ళకి రబ్బరు చెప్పులు, "వెస్ట్? వెస్ట్?" అని అడిగాడు. ఆ రైలే అని చెయ్యి చూపించా. మెడలో మఫ్లర్ తీసి ఇద్దామనుకున్నా. అత్త అల్లింది కదా అని ఇవ్వలేదు. ఇచ్చుండాల్సింది.

తిరిగి వచ్చేటప్పుడు దారి వేరు. స్టేషన్ పక్కన గాజు హాలు, 1962లో కట్టింది, పోయేవాళ్ళకి మాత్రమే. ట్రేనెన్ పలాస్ట్ అనేవాళ్ళు, కన్నీళ్ళ మహల్. సాగనంపేవాళ్ళు గుమ్మం ముందే ఆగిపోవాలి. అక్కడ రాత్రి పదకొండున్నర అయ్యేసరికి మన ఊళ్ళో ఆడపిల్లని అత్తారింటికి పంపేటప్పుడు ఇంటి ముందు ఎట్లుంటుందో అట్లా ఉండేది, కాకపోతే మేళం లేదు. అందరూ గుసగుసగా. బావకి ఇవన్నీ పడవు, "ఊరికే ఏడుపు మొహం పెట్టకు, పో, నా రైలు పోతుంది" అని తోసేసేవాడు. ఆ టైమ్‌కి వాడికి రైలేం లేదు, ఎవరో దోస్తు హాస్టల్లో నేల మీద పడుకుని మర్నాడు పోయేవాడు.

ఒక్కసారి లేటయ్యా. మామకి గుండెపోటు అని ఉత్తరం వచ్చిన నెల, మాట్లాడుతూ కూర్చుండిపోయాం. అలెగ్జాండర్ ప్లాట్స్ నించి రెండు స్టేషన్లే, పరిగెత్తి రైలెక్కి దిగి చేరేసరికి పన్నెండు దాటి ఏడు నిమిషాలు. గాజు వెనక మనిషి గోడ గడియారం వైపు చూపించాడు, నోటితో ఏమీ అనలేదు. బెంచీ మీద కూర్చోమన్నారు. ముప్పావు గంట. వదిలేశారు చివరికి. బావ మాత్రం నేను లోపలికి పోయిన గుమ్మం ముందు ఒంటిగంట దాకా నిలబడ్డాడని మరుసటి నెల ఇంకెవరో చెప్తే తెలిసింది.

1989 నవంబర్ 9 రాత్రి నేను పరీక్షకి చదువుతున్నా. ఓనరమ్మ తలుపు బాదింది. నైటీ మీద కోటు, కాళ్ళకి ఇంట్లో తొడుక్కునే చెప్పులు. టీవీలో షబోవ్‌స్కీ అనే తూర్పు జర్మనీ పార్టీ నాయకుడు ప్రెస్ మీట్‌లో ఇకనించి బోర్డర్ దాటొచ్చు అన్నాడట, ఎప్పట్నించి అంటే కాగితాలు తిరగేసి "వెంటనే" అన్నాడట. నేను నమ్మలేదు. ఇద్దరం అరగంట నడిచి బోర్న్‌హోల్మర్ వంతెన దగ్గరికి పోయాం, పశ్చిమం వైపు మా వెడ్డింగ్‌లోనే దిగుతుంది అది. పదకొండున్నర ప్రాంతంలో అటువైపు అధికారి, హరాల్డ్ యేగర్ అని, పైనించి సరైన ఆర్డర్ లేకుండానే గేటు తీసేయించాడు. ముందు కేకలు వినపడ్డాయి, తర్వాత నడిచొచ్చే జనం, తర్వాత ట్రాబంట్ కార్లు, అవి మన లూనా బండిలా పటపటమంటూ నీలం పొగ వదుల్తాయి, ఆ పొగలో ఎవరో ఎవర్నో కావిలించుకుంటున్నారు, తెలియనివాళ్ళు నన్ను కూడా కావిలించుకున్నారు. ఓనరమ్మ వచ్చే ప్రతి ఆడమనిషి మొహం చూస్తోంది. "మీ చెల్లి పెన్షనర్ కదా, ఎప్పుడైనా రావచ్చుగా, పోయిన నెలే వచ్చిందిగా" అన్నా. "నోర్మూసుకో" అంది.

శనివారం బావ వచ్చాడు. అటునించి వచ్చిన ప్రతివాళ్ళకీ పశ్చిమం వాళ్ళు వంద మార్కులు బహుమానం ఇస్తున్నారు, బ్యాంకుల ముందు కిలోమీటర్ల క్యూలు. బావ కూడా రెండు గంటలు నిలబడ్డాడట, తీరా ఇండియన్ పాస్‌పోర్ట్ చూసి నీకు లేదన్నారు. "ఏడేళ్ళు వాళ్ళ బొగ్గు పొగ మింగింది నేను బామ్మర్దీ, డబ్బులు మాత్రం వాళ్ళకా" అని వారం రోజులు నసిగాడు.

ఆ తర్వాతే విచిత్రం. 1990 జులై 1 నించి చెకింగులన్నీ ఎత్తేశారు. వీసా లేదు, 25 మార్కులు లేవు, పన్నెండు గంటల గొడవ లేదు. ఎప్పుడంటే అప్పుడు పోవచ్చు. పోలేదు. వచ్చే వారం చూద్దాంలే అని వాడు, వచ్చే నెల చూద్దాంలే అని నేను. గోడ ఉన్న ఐదేళ్ళలో మేం తప్పిన నెలలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, గోడ పోయాక వాడు ఇండియా వెళ్ళిపోయేలోపు కలిసింది మూడుసార్లు. బావ సింగరేణిలో చేరాడు, నేను ఇంకో పదేళ్ళకి హైదరాబాద్ వచ్చా. ఒక్క బస్సు ప్రయాణం మా ఇద్దరి మధ్య. ఏ గేటూ లేదు. పెళ్ళిళ్ళలో కలిసేవాళ్ళం.

కొన్నేళ్ళ కింద మా అమ్మాయితో బెర్లిన్ పోయా. ఆ గాజు హాలు ఇప్పుడు మ్యూజియం, టికెట్ కూడా లేదు. ఇరుకు సందు ఒకటి అట్లాగే ఉంచారు. అమ్మాయి లోపలికి దూరి సెల్ఫీ తీసుకుంది, "నాన్నా నువ్వు కూడా రా" అంది. నేను బయటే ఉన్నా. బావకి వాట్సాప్‌లో ఫోటో పెట్టా. "పన్నెండయింది, పో" అని మెసేజ్ పెట్టాడు.

పెద్దకర్మ అయ్యాక అక్క ఒక బిస్కెట్ల డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. "మీ బావ దీన్ని ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు తమ్ముడూ, బంగారమేమో అనుకున్నా ఇన్నాళ్ళూ. నువ్వు వస్తే ఇయ్యమన్నాడు." ఎత్తితే బరువే లేదు. మూత తీస్తే అల్యూమినియం బిళ్ళలు, మధ్యలో అక్కడక్కడా ఇత్తడివి. నేల మీద పోసి లెక్కపెట్టా, పదకొండు మార్కుల ముప్పై ఐదు ఫెన్నింగులు.

"ఎంతవుతుంది తమ్ముడూ?" అని అడిగింది అక్క.

"రెండొందల ఇరవై ఏడు బన్నులక్కా" అన్నా.